విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

జైశంకర్ గారూ, నమస్కారమండి.

టెర్రరిజం మీద సమగ్ర ఒప్పందం కావాలని మన దేశం 1996లో ఐక్యరాజ్యసమితిలో డ్రాఫ్ట్ పెట్టింది, అది ఇప్పటికీ అక్కడ చట్టాల సంగతులు చూసే ఆరో కమిటీలోనే నలుగుతోంది. గొడవంతా నిర్వచనం దగ్గరే. పరాయి ఆక్రమణ మీద పోరాడేవాళ్లని తప్పించాలని ఇస్లామిక్ దేశాల కూటమి పట్టు, సైన్యాలు చేసేవి ఇందులోకి రావాలా వద్దా అన్నది ఇంకో పేచీ. పాలస్తీనా వాళ్ల బాధ నాకూ అర్థమవుతుంది, ఆ ప్రశ్నని కొట్టిపారేయమని అనను, కానీ 2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాద్ కోఠి గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలినప్పుడు ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనుషులకి ఏ ఆక్రమణతోనూ సంబంధం లేదండి.

టెర్రరిస్టులకి డబ్బు అందకుండా ఐక్యరాజ్యసమితి చేసిన 1999 ఫైనాన్సింగ్ ఒప్పందంలో ఆల్రెడీ ఒక మాట ఉంది కదా, జనాన్ని భయపెట్టడానికో ప్రభుత్వం మెడలు వంచడానికో పౌరుల్ని చంపడం గురించి, చాలా దేశాలు దానికి ఒప్పుకున్నాయి కూడా. అక్కణ్ణుంచే మొదలుపెట్టండి, ఏ జెండా పట్టుకున్నారన్నది కాదు, ఎవర్ని చంపారన్నది ముందు చూడమనండి. అప్పుడు మన బలగాల మీదా ప్రశ్నలొస్తాయి, రానివ్వండి.

1937లో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి టెర్రరిజం మీద చేసిన ఒప్పందాన్ని రాటిఫై చేసింది ఒక్క ఇండియానే, అది అమల్లోకే రాలేదు. ఈసారి అలా కాకుండా ఆ కూటమి దేశాలతో మీరే కూర్చుని మాట్లాడండి సార్.

ఇట్లు,
ఒక హైదరాబాద్ వాసి