ఉగాదికి ఫోన్ రాలేదు

గుంటూరు,
శుక్రవారం

చిన్నా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలికి తైలం రాస్తుంటే కొంచెం నయం. మన సందులో మళ్లీ రోడ్డు తవ్వారు. ఈ ఏడాది కారం పట్టించాను, నీ వాటా సీసాలో పెట్టాను. ఉగాదికి ఫోన్ చేస్తావని చూశాను. పచ్చడి తిన్నావో లేదో.

మొన్న శివాజీ వచ్చాడు. వాడు కావాలని చెప్పలేదు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నైట్ డ్యూటీల్లో నిద్ర ఆపుకోడానికి ఏవో బిళ్లలు వేసుకుంటున్నావట, పగలు నిద్ర పట్టడానికి ఇంకో బిళ్లట. అబద్ధమైతే సంతోషం. వాణ్ణేమీ అనకు.

కోప్పడటానికి రాయడం లేదు. ఇంతకాలం జువాలజీ చెప్పినదాన్ని, తెలిసి ఊరుకోలేను. 1954లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ఓల్డ్స్, మిల్నర్ అని ఇద్దరు ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే అక్కడ చిన్న కరెంటు తగులుతుంది. ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. తర్వాతి ప్రయోగాల్లో కొన్నయితే తిండి ఎదురుగా ఉన్నా మీట వదల్లేదు. అలా మళ్లీ మళ్లీ కావాలనిపించే మెదడు దారిలో ముఖ్యంగా పనిచేసే రసాయనం డోపమిన్. అన్నం, ఆట, ఎవరైనా మెచ్చుకోవడం, ఇవన్నీ దాన్ని కొద్దికొద్దిగా కదిలిస్తాయి. నిద్ర ఆపే యాంఫెటమిన్ లాంటి మందులు దాన్ని ఒక్కసారిగా గుమ్మరిస్తాయి. రోజూ అదే జరిగితే మెదడు దాన్ని అందుకునే గ్రాహకాలను తగ్గించుకుంటుంది, మామూలు సంతోషాలు ఇక ఆనవు. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు అరిసె ముట్టలేదు, పలకరిస్తే విసుక్కున్నావు. అదీ ఇదీ ఒకటేనని అనడం లేదు, గుర్తొచ్చింది.

సాంబయ్య మామయ్య సంగతి నీకు సగమే తెలుసు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే రోజుల్లో సాయంత్రమైతే తాగేవాడు. లివర్ పాడైందన్నాక మానేసి, ఏడాది పొడుగునా తెనాలిలో అక్క దగ్గరున్నాడు. అక్కడ మందు ఊసే లేదు. ఒళ్లు చేశాడు, వీధి పిల్లలకు లెక్కలు కూడా చెప్పేవాడు. ఇక భయం లేదని సీజన్లో కొట్టు తెరిచాడు. వారం తిరక్కుండా ధర పడిపోయింది. రైతులేమో మిర్చి బస్తాలు దించి ఈయన మొహంలోకి చూస్తున్నారు, అప్పులిచ్చినవాళ్లేమో ఫోన్ల మీద ఫోన్లు. ఆ సాయంత్రం మిర్చి ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ పాత దారినే నడిచాడు. మూల దుకాణం కనబడగానే నోట్లో నీళ్లూరి చేతులు వణికాయట. 'తాగాలని అనుకోలేదమ్మాయ్, కాళ్లే ఆగాయి' అన్నాడు నాతో. ఆ రాత్రి తాగాడు. రుచి మీద ఇష్టం ఏనాడో పోయింది, కావాలన్న తపన పోలేదు. మెదడులో ఆ రెండూ వేరు. చోటు, వాసన, వేళ అన్నీ అక్కడ ముద్ర పడిపోతాయి. టెన్షన్లో ఒంట్లో ఊరే రసాయనాలు ఆ తపననే తట్టి లేపుతాయి. అందుకే తెనాలిలో రాని కోరిక యార్డులో వచ్చింది. మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లాడు. ఇప్పుడు ఆ వేళకి అత్తయ్య కొట్టుకెళ్లి కూర్చుంటుంది, ఇద్దరూ వేరే దారిన ఇంటికొస్తారు. మళ్లీ ముట్టలేదు.

పిరికితనం అనీ, మనసు గట్టిది కాదనీ ఎవరైనా అంటే వినకు. మీ ఆఫీసులో టార్గెట్లు ఎలా ఉన్నాయి? షిఫ్ట్ మార్చమని అడిగావా? అడగాలి. నోరు తెరిచి అడగందే ఎవరూ మార్చరు.

ఇది మాత్రం శ్రద్ధగా చదువు. నిద్రమాత్ర రోజూ వేసుకుంటుంటే నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేయకు, కొన్ని రకాలు అలా ఆపితే ఫిట్స్ వస్తాయి. డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. నాతో చెప్పలేకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చెయ్యి. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కారం, గోంగూర పచ్చడి శివాజీ చేత పంపుతున్నా. పచ్చడి సీసా మూత వదులు, నిలబెట్టే ఉంచు. పగలు పడుకునేటప్పుడు కిటికీకి నల్లగుడ్డ కట్టుకో, టీ తగ్గించు. ఆ బిళ్లల పేర్లు అట్ట మీద చూసి నాకు రాసి పంపు, నాన్నకి చూపించను. ఆదివారం లోపు నీ గొంతు వినబడకపోతే సోమవారం బండికి నేనే హైదరాబాదు వస్తా. వంట నేనే చేస్తాను, ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో చూసుకో.

అమ్మ