మీరిచ్చిన డబ్బుతో నాటిన మొక్కల లెక్క

మా సైకిల్ షాపుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం. పోయిన ఏడాది మా వర్తక సంఘం తరఫున మొక్కలు నాటడానికి చందాలు వసూలు చేశాం, మీకు గుర్తుండే ఉంటుంది. మా కౌంటర్ మీద కూడా ఒక డబ్బా పెట్టాను. పంచర్ వేయించుకుని మిగిలిన చిల్లర అందులో వేసినవాళ్లున్నారు. పిల్లల పుట్టినరోజని, ఇంట్లో పోయిన పెద్దవాళ్ల గుర్తుగా అని మొక్కకు పేరు రాయించినవాళ్లున్నారు. ఆ డబ్బు ఏమైందో, ఆ మొక్కలు ఎలా ఉన్నాయో నేను ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పలేదు, క్షమించండి.

రెండు వారాల కిందట ఒక పాప సైకిల్‌కు బ్రేక్ వైరు మార్పించుకోవడానికి వచ్చింది. పనంతా అయ్యాక, వెళ్లబోతూ ఆగి అడిగింది: "అంకుల్, మా తాతయ్య పేరు మీద నాటిన చెట్టు ఎక్కడుంది? అమ్మకి చూపించాలి."

నా దగ్గర జవాబు లేదు. షట్టర్ సగం దించి తనతో పాటు వెళ్లాను. ఎనిమిది నెలల కిందట వరసగా నాటిన చోట వెతగ్గా వెతగ్గా దొరికింది. వేలంత లావు పుల్ల. ఒక్క ఆకు లేదు. తాతయ్య పేరు రాసిన రేకు మాత్రం రంగు కూడా పోకుండా వేలాడుతోంది. పుల్ల పట్టుకుని కొంచెం లాగితే మొత్తం పైకి వచ్చేసింది, నర్సరీ నుంచి తెచ్చిన నల్ల ప్లాస్టిక్ కవరుతో సహా. కవరు తీయకుండానే గుంతలో దింపి మట్టి కప్పేశాం. వేళ్లకు బయటికి దారి లేదు. కవరు లోపలే గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఎండిపోయి ఉన్నాయి. పాప ఏమీ అనలేదు. ఆ రేకు విప్పి ఇవ్వమంది, ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే సంఘంలో ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకుని, నోట్‌బుక్ తీసుకుని ప్రతి గుంత దగ్గరికీ వెళ్లాను. మేం నాటినవి 240. బతికున్నవి 97. కొన్నిటికి ఆ కవరు అలాగే ఉంది. కొన్నిటిని మేకలు కొరికేశాయి, ఎందుకంటే కంచెలు సగం మొక్కలకే సరిపోయాయి. ఎక్కువ మొక్కలు మాత్రం నీళ్లు లేకే పోయాయి. నాటిన నెల రోజులు తలా ఒక రోజు అనుకుని పోశాం, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం. నా వంతు రోజులు నేనూ తప్పాను.

బతికున్నవాటిలో కూడా ఒకటి చూసి మనసు చివుక్కుమంది. గాలికి ఒరగకుండా పక్కన కర్ర పాతి, నైలాన్ తాడుతో బిగించి కట్టాం. మొక్క లావైంది, తాడు వదులు కాలేదు. కాండం చుట్టూ బెరడులోకి దిగబడిపోయింది. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే. అది చుట్టూ తెగితే పైకి పచ్చగా కనిపిస్తున్నా కింద వేళ్లు ఆకలితో చచ్చిపోతాయి. బ్లేడుతో తాడు కోసి, షాపులో పడి ఉన్న పాత ట్యూబును పట్టీలా కత్తిరించి, కర్రకూ మొక్కకూ మధ్య ఎనిమిది అంకెలా వదులుగా కట్టాను. రబ్బరు సాగుతుంది, కొయ్యదు. ముప్పై ఏళ్లుగా ఈ ట్యూబులు నా చేతుల్లోనే ఉన్నాయి. నాటిన రోజే ఎందుకు తట్టలేదా అని ఇప్పటికీ బాధగా ఉంది.

ఇక డబ్బు సంగతి. వచ్చినదాంట్లో దాదాపు సగం మొక్కలకు, గుంతలకు పోయింది. పావు వంతు కంచెలకు. మిగిలిన పావు బ్యానర్లకు, టోపీలకు, ఆ రోజు కార్యక్రమానికి ఖర్చయింది. నీళ్లకని, ఆ తర్వాత చూసుకునే మనిషికని విడిగా ఏమీ పెట్టలేదు. ఎవరూ తినలేదు, రసీదులన్నీ ఉన్నాయి, మా షాపులో ఎప్పుడైనా చూడొచ్చు. కానీ ఖర్చు పెట్టిన పద్ధతి తప్పు. మొక్క ఖరీదు కంటే మొదటి రెండు మూడేళ్లు దాన్ని సాకే ఖర్చే ఎక్కువని మేం ఆలోచించనే లేదు.

ఇది పెద్ద పెద్దవాళ్లకూ జరిగింది. టర్కీలో 2019 నవంబర్ 11న ఒక్క రోజులో 1.1 కోట్ల మొక్కలు నాటారు. రెండు మూడు నెలలు తిరక్కుండానే అక్కడి అటవీ కార్మికుల సంఘం తాము చూసిన చోట్ల 90 శాతం దాకా చచ్చిపోయాయంది. అదను కాని సమయంలో, తెలియని చేతులతో నాటించారని, వానలు కూడా లేవని చెప్పింది. ప్రభుత్వం ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఎవరి లెక్క నిజమైనా, నాటిన రోజు సంఖ్య ఒక్కటే చెబితే సరిపోదని నాకు అర్థమైంది. కెన్యాలో వంగారీ మాతాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, మొక్కలు పెంచే ఆడవాళ్లకు బతికిన ప్రతి మొక్కకూ కొంత డబ్బు ఇచ్చేవారు. నాటినదానికి కాదు, బతికినదానికి. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ఒక్క పద్ధతి ముందే పాటించి ఉంటే ఈ రోజు మీకు ఇలా రాయాల్సి వచ్చేది కాదు.

పోయిన వారం సంఘం మీటింగ్‌లో ఇదంతా చెప్పాను. ఈ లెక్క బయటపెడితే ఇక ఎవరూ చందా ఇవ్వరని కొందరన్నారు. వాళ్ల భయం నాకు తెలుసు, కానీ ఒప్పుకోలేకపోయాను. తన తాతయ్య చెట్టు ఏమైందో ఆ పాపకు తెలుసు. ఆ పాపకు తెలిసింది మిగతావాళ్లకు దాచడం నావల్ల కాదు. చివరికి అందరూ సరేనన్నారు.

ఈసారి 60 మొక్కలే నాటుతున్నాం. వానలు బాగా పడి నేల తడిశాకే. ముందుగా మూడేళ్ల నీళ్లకు, చూసుకునే మనిషి జీతానికి డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో ఎన్ని వస్తే అన్ని మొక్కలు. బతికిన మొక్కల్ని బట్టి ఆ మనిషికి జీతం పైన ఇంకొంత ఇస్తాం. బ్యానర్లు, టోపీలు లేవు. కరెంటు తీగల కింద పొట్టిగా పెరిగే రకాలే పెడతాం, లేకపోతే పెరిగాక తలలు నరికేస్తారు. గుంత వేళ్ల ముద్దకు రెండు మూడింతల వెడల్పు తీస్తాం, లోతు మాత్రం ఆ ముద్ద ఎత్తు వరకే. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరుస్తాం, కాండానికి తగలకుండా కొంచెం ఎడంగా. కవర్లు తీసే పని నాది. అరవైకి అరవై ఖాళీ కవర్లు లెక్కపెట్టాకే అక్కణ్ణించి కదులుతాను.

ఎండిపోయిన మొక్కకు పేరు రాయించినవాళ్ల దగ్గర మళ్లీ డబ్బు తీసుకోం. మీ పేరుతో ఈ అరవైలో మొక్క ఉంటుంది. పేర్లు ఎక్కువైతే ఒక్కో మొక్కకు రెండు మూడు రేకులు కడతాం. వద్దు, డబ్బు వెనక్కి కావాలంటే మొహమాటం లేకుండా అడగండి, ఇస్తాను. మూడు నెలలకోసారి ఎన్ని బతికాయో రాసి మా షాపు గోడకు అంటిస్తాను, పోయినవి ఎందుకు పోయాయో కూడా.

మీ ఇళ్లలో చిల్లులు పడ్డ సైకిల్ ట్యూబులుంటే పారేయకండి, షాపులో ఇచ్చి వెళ్లండి. ఈ 97, రాబోయే 60, అన్నిటికీ పట్టీలు కావాలి. ఆ పాప మొన్న సాయంత్రం మూడు ట్యూబులు తెచ్చింది. వాటితో పాటు తాతయ్య పేరున్న రేకు కూడా నా చేతికిచ్చింది, కొత్త మొక్కకు కట్టమని.