అజ్నాలా బావిలో దొరికినవాళ్లు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమృత్‌సర్‌కి బదిలీ అయిందని రాశావు చూడు, అది చదవగానే నాకు అజ్నాలా గుర్తొచ్చింది. నువ్వుండే చోటికి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. అక్కడి బావి సంగతి నీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. కాస్త పెద్ద కథ, తీరిగ్గా కూర్చుని చదువు.

1857లో లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంటులో 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అనే ఈస్టిండియా కంపెనీ సిపాయిల పటాలం ఉండేది. మీరట్‌లో తిరుగుబాటు మొదలవగానే తెల్లదొరలు వీళ్ల తుపాకులు లాగేసుకున్నారు. జులై 30న ఆ సిపాయిలు తిరగబడి, ఒక అధికారిని చంపి, రావి నది పట్టుకుని పారిపోయారు. కొందరు నదిలోనే పోయారు. పట్టుబడ్డ 282 మందిని అజ్నాలా ఠాణాకి తెచ్చారు. ఆగస్టు 1, బక్రీద్ రోజున, పదేసి మందిని బయటికి లాక్కొచ్చి కాల్చారు. అలా 237 మంది అయ్యాక, మిగతావాళ్ల కోసం తలుపు తీస్తే 45 మంది ఇరుకు గదిలో ఊపిరాడక చచ్చిపడి ఉన్నారు. అందరినీ ఒక పాడుబడ్డ బావిలో వేసి పూడ్చేశారు. ఈ లెక్క ఎవరు రాశారనుకున్నావు? ఆ పని చేయించిన అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపరే, మరుసటేడు అచ్చేసిన పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు. నాకైతే చదువుతుంటే చేతులు వణికాయిరా.

2014లో ఊరివాళ్లే పూనుకుని బావి తవ్వారు. వాళ్ల భక్తిని తప్పు పట్టలేను గానీ, పురావస్తు శాఖవాళ్లు దగ్గరుండి తవ్వించి ఉంటే బాగుండేది. ఎముకలు విరిగి, ఎవరివి ఎవరివో కలిసిపోయాయి. పైగా ఒక పేచీ మొదలైంది. ఇవి సిపాయిలవి కావు, 1947 దేశ విభజన గొడవల్లో చనిపోయినవాళ్లవి అని కొందరన్నారు. కూపర్ రాసిన మాట ఒక్కటే సాక్ష్యమైతే ఆ పేచీ ఎప్పటికీ తేలేది కాదు.

తేల్చింది పళ్లు. పంజాబ్ యూనివర్సిటీ ఆంత్రపాలజిస్టు (మానవశాస్త్రవేత్త) సెహ్రావత్, మన హైదరాబాద్ హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధనలు చేసే సీసీఎంబీలో తంగరాజ్ గారు, లక్నో, కాశీ శాస్త్రవేత్తలు కలిసి పట్టుకున్నారు ఈ పని. పంటి మీది ఎనామిల్ చిన్నప్పుడు తయారవుతుంది. ఆ తర్వాత ఇక మారదు. మనం తాగిన నీళ్లలోని ఆక్సిజన్ అందులో చేరుతుంది. ఆక్సిజన్‌లో బరువైన రకం, తేలికైన రకం ఉంటాయి, వాటి పాళ్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. అంటే మనిషి ఎక్కడ ఏ ఉద్యోగం చేసి ఎక్కడ చచ్చిపోయినా, ఏ సీమ నీళ్లు తాగి పెరిగాడో అతని పన్ను చెప్పేస్తుంది! దీనికి తోడు తల్లి నుంచి మాత్రమే బిడ్డకొచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా తీశారు. డీఎన్ఏకి 50 నమూనాలు, ఆక్సిజన్‌కి 85. 2022లో ఫలితం అచ్చయింది. వీళ్లు పంజాబీలు కారు, గంగా మైదానం వాళ్లు. ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆ పటాలంలో పనిచేసింది ఆ ప్రాంతాలవాళ్లే. నూట అరవై ఏళ్ల కిందటి మాట అలా రుజువైంది.

కానీ నాకు ఇది సగం పనే అనిపిస్తోంది. సీమ తెలిసింది గానీ పేర్లు తెలియలేదు. ఏ పన్ను ఏ ఇంటి బిడ్డదో చెప్పాలంటే పోల్చడానికి ఆ ఇంటివాళ్ల రక్తం కావాలి, ఆ ఇల్లేదో తెలియాలి. 1857 నాటి సిపాయి మునిమనవల్ని ఎక్కడని వెతుకుతాం?

ఇప్పటివాళ్లకైనా ఆ గతి పట్టకూడదు కదా. మన చంద్రమ్మ పెద్దమ్మ గుర్తుందిగా? కొడుకు బొంబాయిలో మట్టిపనికి వెళ్లి మళ్లీ రాలేదు. పేపర్లో ‘గుర్తు తెలియని మృతదేహం, వయసు సుమారు ముప్ఫై, గళ్ల చొక్కా, ఎడమచేతికి పచ్చబొట్టు’ అని పడితే చాలు, నాతో రెండుసార్లు చదివించుకునేది. పచ్చబొట్టు ఏ చేతికో మళ్లీ చూడమనేది. ఆవిడ నోట్లోంచి దూదిపుల్లతో ఒక నమూనా తీసి, గుర్తు తెలియని శవాల నమూనాలతో పోల్చి చూస్తే తెలిసిపోయేదేమో. ఇలాంటి పట్టికలు పెట్టాలనే 2019లో లోక్‌సభలో డీఎన్ఏ బిల్లు తెచ్చారు. 2023లో వెనక్కి తీసుకున్నారు. అనుమానితుల డీఎన్ఏ పోలీసుల చేతిలో ఉంటే దుర్వినియోగం అవుతుందన్న భయం న్యాయమైనదే, నేనూ ఒప్పుకుంటా. అయితే బిడ్డ కోసం తల్లి తనంతట తానిచ్చే నమూనా సంగతి వేరు. దానికైనా విడిగా చట్టం తేవాలిరా. ఎవరితోనైనా పోట్లాడతా ఈ విషయం మీద.

సరే, నువ్వు ఒక ఆదివారం అజ్నాలా వెళ్లు. గురుద్వారాలో అడిగితే బావి చూపిస్తారు. అక్కడ బోర్డు మీద ఏం రాశారో ఫోటో తీసి పంపు. పటాలం పేరైనా ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం. చలి ఎక్కువట, అమ్మ అల్లిన స్వెట్టర్ పార్సిల్ చేశా. పిల్లలకి ముద్దులు.

నీ
రవి