మోకాలి దగ్గర చెవి

రేయ్ శీనా,

నువ్వు ఉగాదికి రాసిన ఉత్తరానికి వినాయక చవితి దగ్గరపడ్డాక జవాబు రాస్తున్నాను. తప్పు నాదే, ఎంత కోప్పడినా పడతాను. పెద్దమ్మకి మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి కూడా ఒక్క ఫోనన్నా చెయ్యలేదు, ఆ బాధ ఇంకా ఉంది. మేం ఇల్లు మారాం, ఇప్పుడు బెంగళూరులోనే యశ్వంతపురం దగ్గర పై వాటాలో ఉంటున్నాం. చిన్ని ఆరో తరగతి. సుజాత బాగుంది. మిగతావన్నీ కలిసినప్పుడు.

మొన్న శనివారం రాత్రి జరిగింది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నా.

వాన పడి కరెంటు పోయి వచ్చింది. చూస్తే కిటికీ తెర మీద ఒక పచ్చ మిడత. మిడత అంటున్నా గానీ అచ్చం ఆకేరా, ఈనెలతో సహా. ఒంటికంటే పొడుగు మీసాలు. చిన్ని రెండు చెవులూ మూసుకుని "నాన్నా, ఎంత గట్టిగా అరుస్తోందో!" అంది. నాకేమీ వినపడలేదు. రెక్కలు వణకడం కంటికి కనిపిస్తోంది. దగ్గరికెళ్ళి చెవి పెట్టాను. ఊహూఁ. సుజాతకీ వినపడలేదు. పిల్లేమో కళ్ళు మూసుకుని "ఇప్పుడు ఆపింది... మళ్ళీ మొదలెట్టింది" అంటోంది. సరిగ్గా అప్పుడే రెక్కలు ఆగుతున్నాయి, అప్పుడే కదులుతున్నాయి. ఒళ్ళు జలదరించింది నాకు.

కింది వాటాలో ఒక కడప అమ్మాయి ఉంటుంది, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (అదే, ఐఐఎస్సీ) కీటకాల మీదే పీహెచ్‌డీ. పరిగెత్తి పిలుచుకొచ్చాను. ఆ పిల్ల టార్చి వేసి, "అంకుల్, ఇది మగది. ఎడమ రెక్క కింద రంపం పళ్ళలాంటి గీత ఉంటుంది, దాన్ని కుడి రెక్క అంచుకేసి రాస్తుంది. కుడి రెక్క మీద అద్దంలా పలచని పొర ఉంటుంది చూడండి, అది మోగుతుంది" అంది. మామూలు కీచురాయికైతే కుడి రెక్క పైన ఉంటుందట, వీటికి ఎడమది పైన. మరి చెవి ఎక్కడుంటుందో తెలుసా? ముందు కాలి మీద, మోకాలికి కాస్త కింద! మన సైన్సు మేష్టారు "చెవులెక్కడ పెట్టుకున్నార్రా, మోకాళ్ళలోనా?" అని అరిచేవారే, ఆయన గొంతు వినపడింది నాకు. నువ్వు పక్కనుంటే ఇద్దరం ఎంత నవ్వేవాళ్ళమో.

శబ్దం రెండు దారుల్లో వెళ్తుందట. కాలి మీద పొరకి బయటినుంచి ఒకటి తగులుతుంది. ఇంకొకటి రొమ్ము పక్కనున్న రంధ్రంలో దూరి, బూరలా సన్నబడుతూ పోయే గాలిగొట్టంలోంచి కాలి లోపలికి చేరుతుంది. లోపల కణాలు వరసగా ఉంటాయి, సన్న శబ్దానికి ఒక కొస, లావు శబ్దానికి ఇంకో కొస. మన చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్నదీ ఇలాగే పనిచేస్తుందట. మనకీ దానికీ దగ్గరి చుట్టరికమేమీ లేకపోయినా రెండు దారులూ ఒకే ఉపాయానికి చేరాయి! కొలంబియాలో గోర్గోనా దీవిలో ఉండే ఇలాంటి మిడతనే పట్టుకుని 2012లో దీన్ని తేల్చారని చెప్పింది.

తర్వాత ఒక చిన్న డబ్బా తెచ్చింది. గబ్బిలాల కూతలు వినడానికి వాడేదట, మనకందని సన్న శబ్దాన్ని కిందికి దించి వినిపిస్తుంది. మీట తిప్పగానే... చిక్ చిక్ చిక్, గది నిండిపోయింది శీనా. ఇంతసేపూ నా ముందే అంత గోల జరుగుతోంది! చిన్నప్పుడు మన చెవికి 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి ఇరవై వేల కంపనాల దాకా అందుతుంది, వయసు పెరిగేకొద్దీ పై నుంచి తెగిపోతూ వస్తుంది. అది విన్నాక మాట రాలేదు నాకు. మీ మామిడితోట కావలికి మంచె మీద పడుకున్న రాత్రులు గుర్తున్నాయా? "చెట్టు మొత్తం జల్లెడ పడుతోందిరా" అన్నావు నువ్వు. ఆ జల్లెడ ఇవేనేమో. ఎన్నేళ్ళ కింద పోయిందో నాకు, పోయినట్టు కూడా తెలియలేదు.

ఇంకోటి చెప్పాలి. మన దక్షిణాదిలో మెకోపోడా అని ఇలాంటి మిడతల్లోనే ఒక రకం ఉందట. చూడ్డానికన్నీ ఒకటే, పక్కపక్కన పెట్టినా తేడా పట్టలేం. పాటలు మాత్రం ఐదు రకాలు! ఆ ఇన్‌స్టిట్యూట్‌లో రోహిణీ బాలకృష్ణన్ గారి బృందమే 2006లో రాసింది. ఒకదానికి రైలు, ఒకదానికి హెలికాప్టర్ అని పేర్లు పెట్టారు. వేషం ఒకటే అయినా పాటతో వేరుపడుతున్నాయన్నమాట. వాళ్ళదే 2015 నాటి మాట ఇంకొకటి నన్ను చాలా కదిలించింది. పాడే మగదాన్నే గబ్బిలం ముందు పట్టుకుంటుందని అనుకుంటాం కదా. కాదట. చప్పుడు చెయ్యకుండా ఎగిరి వెళ్ళే ఆడవాటికే ముప్పు ఎక్కువ. పాట విని బయల్దేరినందుకు...

రాత్రంతా అదే ఆలోచన. చైనాలో ఇలాంటి మిడతదే 16.5 కోట్ల ఏళ్ళ నాటి శిలాజం దొరికింది, రెక్క మీద రంపం పళ్ళు కూడా చెక్కుచెదరలేదు. ఆ పళ్ళను కొలిచి దాని పాట 6.4 కిలోహెర్ట్జ్ అని లెక్కకట్టారు. గబ్బిలాలు పుట్టకముందు సంగతి! అంత సన్నంది కాదు, నా చెవికీ అందేది. డైనోసార్ల కాలం పాట అందుతుంది, నా కిటికీ తెర మీది పాట అందదు.

ఒక్క పని చేసిపెట్టు. చీకటి పడ్డాక మీ పిల్లాడు వంశీని తీసుకుని తోటలోకి వెళ్ళు. వాడికేం వినపడుతోందో, నీకేం వినపడుతోందో విడివిడిగా రాసి పంపు. నేను కూడా దసరాకి ఆ డబ్బా అడిగి తెస్తాను, పెద్దమ్మ మంచం పక్కనే కూర్చుని ముగ్గురం... అయ్యో, చిన్ని స్కూల్ వ్యాన్ హారన్ కొడుతోంది, ఈ ఉత్తరం కూడా దారిలోనే పోస్టులో వేసేయాలి. ఆ తెర మీదిదాన్ని పొద్దున్నే కరివేపాకు కుండీలో వదిలాం.

నీ రవి