వార్షిక నివేదిక 2024–25: దువా (ప్రార్థన)తో పాటు దవా (మందు)

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు అస్సలాము అలైకుమ్.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనులను మీ ముందుంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. విద్యార్థులకు ఫీజుల సాయం, కుట్టుమిషన్ల పంపిణీ, షాదీఖానా మరమ్మతులు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది కొత్తగా తలకెత్తుకున్నది మనసుకు వచ్చే జబ్బుల విషయం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

జూలైలో, మొహర్రం వేళ జరిగిన రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు మీద, బారాషహీద్ దర్గాకు కాస్త ఎడంగా మనం ఒక బల్ల వేశాం. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ కోరికను బట్టి రొట్టెలు మార్చుకోవడానికి లక్షలాది మంది నీళ్ళలో దిగే చోటు అది. దేశం నలుమూలల నుంచి కోరికలు మోసుకొచ్చే జనం మధ్య "నిద్ర పట్టడం లేదా, దిగులుగా ఉందా" అని రాసిన బోర్డు పెట్టి కూర్చున్నాం. వచ్చిన వాళ్ళలో తన గురించి అడిగిన వారు దాదాపు లేరు. అందరూ చెల్లెలి కోసమో, కువైట్ నుంచి తిరిగొచ్చిన అన్న కోసమో, పక్కింటి వాళ్ళ కోసమో అడిగారు. మాట్లాడుతూ ఉండగానే చాలామందికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరి గురించి అడుగుతున్నారో అప్పుడు మాకు అర్థమైంది. మానసిక సమస్యలపై ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 అచ్చు వేసిన చీటీలు మొదటి రోజు సాయంత్రానికే అయిపోయాయి. పండుగ సేవకు పేర్లిచ్చిన యువకుల్లో సగం మంది కూడా రాలేదని ఇక్కడే చెప్పాలి. ఎండలో బల్ల దగ్గర నిలబడింది మహిళా విభాగం సభ్యులే.

అక్టోబరు 11 జుమా (శుక్రవారం నమాజు) ఈ ఏడాది మన సంఘానికి గర్వకారణం. ముందు రోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. దసరా సెలవులైనా మానసిక వైద్యులు మన మాట కాదనకుండా వచ్చారు. ఇమాం సాబ్ ఖుత్బాకు (జుమా నాటి అరబీ ప్రసంగానికి) ముందు బయాన్‌ను, అంటే బోధను, తెలుగులో చేశారు. మన పేటలో ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఉర్దూ బయాన్ వింటూ, సగం అర్థంకాక తలవంచుకుని కూర్చున్న పెద్దలు ఆ రోజు ముందు వరుసలోకి జరిగారు. ప్రవక్త యాకూబ్ అలైహిస్సలాంకు కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడ్డాయని ఖురాన్‌లోనే ఉందని, ప్రవక్త ముహమ్మద్ వారి భార్య ఖదీజా రజియల్లాహు అన్హా, ఆయనను పెంచిన అబూ తాలిబ్ కన్నుమూసిన ఏడాదిని దుఃఖ సంవత్సరమని చెప్పుకుంటామని, అలాంటప్పుడు దిగులు పడ్డవాడి ఈమాన్‌ను (విశ్వాసాన్ని) శంకించే హక్కు మనకెక్కడిదని ఇమాం సాబ్ అడిగారు. అల్లాహ్ మందు లేకుండా ఏ జబ్బునూ దించలేదన్న హదీసు (ప్రవక్త మాట) చదివారు. శరీరానికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందని, వైద్యం రెండింటికీ కావాలని వెయ్యేళ్ళకు ముందే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ముస్లిం పండితుడు రాశాడని చెప్పినప్పుడు మసీదులో ఉన్న చదువుకున్న పిల్లలు తలలెత్తి చూశారు. నమాజు అయ్యాక డాక్టరుగారు షాదీఖానాలో కూర్చున్నారు. ఆడవాళ్ళకు వేరే గది, అక్కడ మహిళా సైకాలజిస్టు. అసర్ (సాయంత్రం నమాజు) అజాన్ అయినా ఆ గదిలోని వరుస తగ్గలేదు.

ఆ రోజు వచ్చిన ఒక తండ్రి గురించి చెబుతాను. పరుపులు కుట్టే కుటుంబం. కొడుకుకి ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది, రాత్రుళ్ళు లేచి గోడతో మాట్లాడతాడు. గాలి సోకిందన్నారు. ఆమిల్ (మంత్రాలు వేసేవాడి) దగ్గరికి తిరిగి, తావీజులు (తాయెత్తులు) కట్టించి, అప్పులపాలై చివరికి పిల్లవాడి కాలికి గొలుసు వేశారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు, దిక్కుతోచక చేసిన పని అది. కానీ గొలుసు గురించి గట్టిగా చెప్పాల్సిందే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రమంలో అగ్గి పుడితే గొలుసులతో ఉన్న మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది పోయారు. మానసిక రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఇమాం సాబ్ ఆ కుర్రవాడి తల మీద చేయి ఉంచి ఫాతిహా (ఖురాన్ మొదటి సూరా) చదివి, "దువా నేను చేస్తాను, మాత్ర మీరు వేయండి" అన్నారు. ఆ సాయంత్రమే గొలుసు తీశారు. దర్గాకు వెళ్ళవద్దని మనం ఎవరికీ చెప్పం. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో దవా, దువా రెండూ ఒకే ఆవరణలో నడుస్తున్నాయి. మన జిల్లాలోనూ అలా జరగాలన్నదే మన కోరిక.

ఆ కుర్రవాడు రంజాన్‌లో రోజా (ఉపవాసం) పట్టి మాత్రలు మానేయడంతో మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఇలాంటివి ఇంకొన్ని మన దృష్టికి వచ్చాయి. వెంటనే తెలుగు, ఉర్దూ భాషల్లో కరపత్రం వేశాం. అందులో చెప్పింది ఇదీ. రోగికి రోజా నుంచి సడలింపు ఖురాన్‌లోని అల్ బఖరా సూరాలోనే ఉంది. కొన్ని మందుల వేళలను సహరీకి (తెల్లవారుజాము భోజనానికి), ఇఫ్తార్‌కు మార్చవచ్చు. లిథియం అనే మానసిక జబ్బు మందు వేసుకునేవారు పగలంతా నీళ్ళు తాగకపోతే మందు రక్తంలో ప్రమాదకరంగా పెరగవచ్చు. డాక్టరును అడగకుండా ఏ మాత్రా మానకూడదు. ఇప్పుడా కుర్రవాడు మళ్ళీ దుకాణంలో కూర్చుంటున్నాడు.

మరో సంగతి. మన ఆడపిల్ల ఒకామె సలహా కోసం ఒక చోటికి వెళితే, నిద్ర గురించి అడగకముందే హిజాబ్ ఎందుకు వేసుకుంటావని అడిగారట. ఆమె మళ్ళీ వెళ్ళలేదు. అద్దె ఇల్లు దొరకని యువకుడి గుండెదడ, ఉర్దూ రాదని మనవాళ్ళే పక్కన పెట్టిన ఇంటి కోడలి మౌనం, ఇవీ జబ్బు చరిత్రలో భాగమే. బయటివారిని అడిగే ముందు మన వరుసల్లో ఎవరిని వెనక్కి నెడుతున్నామో కూడా చూసుకోవాలి.

నెలకొకసారి మానసిక వైద్యుణ్ణి పేటకు పంపమని అధికారులకు వినతిపత్రాలు ఇచ్చాం. ఫైలు ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతూనే ఉంది. ఇది దానం అడగడం కాదు. మన హక్కు.

జమాఖర్చులు ఆఖరి పేజీలో ఉన్నాయి, ఆడిటరుగారు సంతకం చేశారు. జకాత్ (తప్పనిసరి దానం) సొమ్మును పేద రోగి చేతికే ఇచ్చి అతనితోనే మందులు కొనిపించాం. ఉలమా (మత పండితులు) చెప్పిన పద్ధతి అదే.

ఇమాం సాబ్‌కు, వైద్యులకు, షాదీఖానా కమిటీకి, కరపత్రం లాభం చూసుకోకుండా అచ్చు వేసిన ప్రెస్సువారికి, వంటలు చేసి పంపిన అక్కలకు, బల్లలు మోసిన ఆటో డ్రైవర్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు. రంజాన్‌లో ఉత్సాహంగా పేర్లిచ్చి పండుగ తర్వాత ఫోను ఎత్తని సోదరులకు ఒక మనవి: వచ్చే మొహర్రంకు బల్ల దగ్గర మనుషులు కావాలి. పేర్ల పుస్తకం వేదిక పక్కనే ఉంది. వచ్చేవారే రాయండి.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి
నెల్లూరు