కేబుల్ మీద రెండు అంకెలు తప్పనిసరి చేయాలి

సంపాదకులకు,

కొత్త ఫోన్లు, ట్యాబ్‌లు, కెమెరాలకు టైప్-సి పోర్టును ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి తప్పనిసరి చేసింది. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28ని గడువుగా పెట్టింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) కూడా 2023 జనవరిలో టైప్-సి ప్రమాణాన్ని ప్రకటించింది. మంచి పనే. కానీ పిన్ను ఒకటైనంత మాత్రాన కొనేవాళ్ల ఇబ్బంది తీరలేదు. ఇదివరకు సరిపడని వైరు అసలు దూరేదే కాదు, చూడగానే తెలిసిపోయేది. ఇప్పుడు ఏ వైరైనా ఏ పోర్టులోనైనా దూరుతుంది, పని మాత్రం జరగదు. ఎందుకు జరగలేదో తెలుసుకునే దారి కొన్నవాళ్లకు లేదు. కేబుల్ ఎన్ని వాట్ల ఛార్జింగ్‌ను, ఎన్ని గిగాబిట్ల డేటా వేగాన్ని తట్టుకుంటుందో చెప్పే రెండు అంకెలు దాని మీద ఉంటే ఆ దారి దొరుకుతుంది.

ఫోన్‌తో వచ్చే మామూలు ఛార్జింగ్ వైరులో డేటాకు ఒక్క జత తీగలే ఉంటాయి. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగమే. దానితో 50 జీబీ పెళ్లి వీడియోలు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ డ్రైవు) లోకి ఎక్కించాలంటే 20 నిమిషాల పైమాటే. సెకనుకు 10 గిగాబిట్ల కేబుల్ పెడితే నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. ఐఫోన్ 15 ప్రో 10 గిగాబిట్ల వేగం అందుకోగలదు, పెట్టెలో ఇచ్చిన కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2దే. ఇలాంటి వైరుతో ల్యాప్‌టాప్‌ను మానిటర్‌కు కలిపినా బొమ్మ రాదు. మానిటర్‌కు బొమ్మను పంపే డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ మోసే హైస్పీడ్ తీగల జతలు అందులో ఉండవు మరి. మానిటరే పోయిందనుకుని రిపేరుకు మోసుకొచ్చేవాళ్లు ఎందరో.

ఛార్జింగ్ దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 5 ఆంపియర్లు కావాలంటే కేబుల్ పిన్నులో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. ఛార్జర్ ముందు ఆ చిప్‌ను పలకరిస్తుంది, జవాబు రాకపోతే 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి 100 వాట్ల ఛార్జర్ కొన్నా, ఆ చిప్ లేని కేబుల్ పెడితే, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పని నడుస్తుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ తగ్గుతూనే ఉండొచ్చు.

తీగ మందం సంగతి ఎవరూ చెప్పరు. కొన్ని వైర్ల తొడుగు మీద ‘28ఏడబ్ల్యూజీ/1పీ+24ఏడబ్ల్యూజీ/2సీ’ అని సన్నగా అచ్చువేసి ఉంటుంది. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందాన్ని చెప్పే గేజి. మొదటిది డేటా జత గేజి, రెండోది కరెంటు తీగలది. అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది. కరెంటు తీగలు కూడా 28 గేజివే అయితే, మీటరు పొడవు వైరులో పోను, రాను కలిపి నిరోధం సుమారు 0.43 ఓం. 3 ఆంపియర్లు పారితే 1.3 వోల్టులు దారిలోనే పోతాయి, 5 వోల్టులు ఫోన్ చేరేసరికి 3.7 అవుతాయి. వోల్టేజీ పడిపోతోందని గమనించి ఫోనే కరెంటు తగ్గించుకుంటుంది. అది తెలియక జనం ముందు ఛార్జర్, తర్వాత బ్యాటరీ మార్పిస్తున్నారు. తప్పు వైరుది. రెండు మీటర్ల వైరు కావాలనుకునేవాళ్లు ఈ గేజి తప్పక చూసుకోవాలి.

చవక ట్రిమ్మర్లు, లైట్లు, స్పీకర్లు కొన్ని పాత ఏ-టు-సి వైరుతోనే (ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ పిన్ను ఉండేది) ఛార్జ్ అవుతాయి, రెండు చివరలా టైప్-సి ఉండే సి-టు-సి పెడితే ఉలకవు పలకవు. పోర్టు దగ్గర ఉండాల్సిన రెండు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లను తయారీదారు వేయకపోవడమే కారణం. అవి కనబడితే తప్ప టైప్-సి ఛార్జర్ కరెంటు వదలదు. రెండూ కలిపినా రూపాయి కాదు! ఆ పాటి ఖర్చు మిగుల్చుకోవడం కోసం కొన్నవాళ్లను ఏడిపించడం అన్యాయం.

యూఎస్‌బీ ప్రమాణాలు చూసే కంపెనీల సంఘం యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరం కేబుళ్లకు 60, 240 వాట్ల గుర్తులను, వేగం గుర్తులను రూపొందించింది. వేయడం మాత్రం తయారీదారుల ఇష్టం. పేర్లతోనూ లాభం లేదు. 5 గిగాబిట్ల వేగానికే యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అని మూడు పేర్లున్నాయి. పేర్లు వద్దు, అంకెలు చాలు.

2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా ఉండి తీరాలి. కేబుళ్లకు వాట్లు, గిగాబిట్లు కూడా చేర్చాలి. ప్యాకెట్ ఆ రోజే చెత్తబుట్టలోకి పోతుంది కనుక పిన్ను మీద కూడా చెరగని అచ్చు ఉండాలి. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఆ రెండు అంకెలు లేని కేబుల్‌ను అమ్మకానికి పెట్టనివ్వకూడదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, బీఐఎస్ కలిసి ఈ ఉత్తర్వు ఇవ్వాలి. ఈలోగా కొనేవాళ్లు ‘టైప్-సి కేబుల్ ఇవ్వండి’ అని ఊరుకోకుండా ఎన్ని వాట్లు, ఎన్ని గిగాబిట్లు అని అడగాలి, ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాయించుకోవాలి.

– ఒక కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్, హనుమకొండ