బోర్డు పోలేదు మావా!

ఒరే మావా,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మీ నాన్నగారి, అదే బాబాయి కంప్యూటర్ లేచింది. షాపువాడు పోయిందన్న మదర్‌బోర్డు నిక్షేపంలా ఉంది. నువ్వు పుణెలో కూర్చుని కొత్త సిస్టం బుక్ చేసేస్తానన్నావు చూడు, ఆ పని ఆపు. ఫోన్లో చెబుదామంటే నీకు మీటింగులు, నాకు షిఫ్టులు. పైగా ఇది సగంలో ఆపితే అర్థమయ్యే కథ కాదు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

"బోర్డు పోయింది" అని వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు గానీ, దాని వెనకాల ఎంత ఖర్చుందో చూడు. మీది హెచ్61 అనే పాత రకం బోర్డు, మూడో తరం ఐ3 ప్రాసెసర్, డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్. ఇప్పటి బోర్డు కొంటే ఆ ప్రాసెసర్ అందులో కూర్చోదు, ఆ ర్యామ్ దానికి పట్టదు. అంటే బోర్డు పేరు చెప్పి మూడూ కొనిపిస్తారన్నమాట. బాబాయి అపార్టుమెంటు మెయింటెనెన్సు లెక్కలకీ, పెన్షన్ కాగితాలు స్కాన్ చేసుకోడానికీ అంత అవసరమా? అందుకే బోర్డు మీద అనుమానం అన్నిటికంటే చివర పెట్టుకోవాలి. మిగతావన్నీ కడిగేశాక అదొక్కటే మిగిలితే అప్పుడు ఏడుద్దాం.

రోగం నీకు బాబాయి చెప్పినట్టే ఉంది. బటన్ నొక్కితే ఫ్యాను ఓ పావు చుట్టు తిరిగి టక్కున ఆగిపోతుంది. "ఏట్రా ఇది, ఊపిరి తీసి వదిలేస్తంది" అన్నారు బాబాయి. గోడ ప్లగ్గు, పవర్ కేబులు, వెనకాల చిన్న స్విచ్చు, ఇవన్నీ చూశా, బాగానే ఉన్నాయి. ముందు బటనేమైనా ఇరుక్కుందేమో అని దాని వైరు బోర్డు మీంచి పీకేసి, ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపా. అదే పావు చుట్టు. బటన్ తప్పేం లేదు. తర్వాత హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవు, ముందు యూఎస్‌బీ వైర్లు అన్నీ పీకి, బోర్డుని క్యాబినెట్లోంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పరిచా. అడుగున ఎక్కడైనా స్క్రూ పడి షార్టవుతుందేమో కూడా దీంతో తేలిపోతుంది. అయినా అదే.

(హార్డ్ డిస్కు గురించి కంగారు పడకు. మీ పెళ్లి ఫొటోలున్నది దాన్లోనే కదా. బోర్డు నిజంగానే పోయినా డిస్కు తీసి ఇంకో సిస్టంకి తగిలిస్తే వచ్చేస్తాయి. ఈ ముక్క ఎవరో ముందే చెప్పుంటే పిన్ని రెండ్రోజులు అన్నం మానేసేది కాదు.)

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని లోపలి పార్టులకి సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా. ఇక్కడే చాలామంది మోసపోతారు. 24 పిన్నుల కనెక్టర్ బోర్డు మీంచి తీసేసి, ఆకుపచ్చ వైరునీ పక్కనున్న ఏదో ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను లేవాలి. లేచింది. మీటర్ పెట్టి చూస్తే పసుపు వైరు మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు. ఐదు శాతం అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, అంటే 12 అనేది 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు. అన్నీ ఆ లోపలే ఉన్నాయి. ఇంకేముంది, ఎస్‌ఎంపీఎస్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. కానీ మావా, ఖాళీ బస్సు సింహాచలం కొండెక్కిందని, చందనోత్సవం నాటి జనంతో కూడా ఎక్కుతుందని రాసివ్వగలమా? క్లిప్పు పరీక్షలో దాని మీద బరువే లేదు. బోర్డుకి తగిలించి మళ్లీ కొలుద్దామంటే, మీటర్లో అంకె నిలబడేలోపే ఆగిపోయేది.

అందుకని మా ఇంట్లో సిస్టం ఎస్‌ఎంపీఎస్ ఊడదీసి పట్టుకెళ్లా. 24 పిన్నులదీ, ప్రాసెసర్ పక్కన పెట్టే నాలుగు పిన్నులదీ, రెండూ పెట్టి చూశా. ఈ రెండోది మర్చిపోయి గంటలు గంటలు కొట్టుకునేవాళ్లున్నారు. ఫ్యాను తిరిగింది, ఆగలేదు. పాతదాన్ని మాత్రం విప్పి చూద్దామనుకోకు. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టుల దాకా డీసీ అయి పెద్ద కెపాసిటర్లో నిలవుంటుంది, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కాసేపు అలాగే ఉంటుంది. గాలి రంధ్రాల్లోంచి టార్చి వేస్తే రెండు కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి కనిపించాయి. అది చాలు.

అయితే మానిటర్ మీద నో సిగ్నల్! సరిగ్గా షాపువాడు ఆగిపోయింది ఇక్కడే. వాడూ కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూశాడట, బాబాయి చెప్పారు. ఫ్యాను తిరిగింది గానీ బొమ్మ రాలేదు, కాబట్టి బోర్డన్నాడు. వాణ్ణి తిట్టడానికి కూడా మనసొప్పలేదు. మన వైజాగ్ ద్వారకానగర్లో వరసన పది సిస్టంలు క్యూలో ఉంటే ఎవడైనా అలాగే తేలుస్తాడు. కానీ పవర్ రాకపోవడం వేరు, డిస్‌ప్లే రాకపోవడం వేరు. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది పోగానే రెండోది బయటపడింది, అంతే. ఒక పార్టు మార్చినా పని చెయ్యలేదంటే ఆ పార్టు బాగుందనీ కాదు, మిగిలిందంతా పోయిందనీ కాదు.

ఇప్పుడు నాకిష్టమైన పరీక్ష. ర్యాములు రెండూ పీకేసి, అసలు ర్యామే లేకుండా ఆన్ చేశా. మీ క్యాబినెట్లో స్పీకర్ లేదు. నా పాత పెట్టెలోంచి గోరంత స్పీకర్ తెచ్చి బోర్డు మీద నాలుగు పిన్నుల చోట గుచ్చా. ఆన్ చెయ్యగానే పీప్, పీప్, పీప్ అని మొదలెట్టింది. పిన్ని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "అయ్యో, పూర్తిగా పోయిందా?" అంటే నేను నవ్వుతున్నా. ఎందుకంటే ర్యామ్ లేదని గోల పెట్టాలంటే ప్రాసెసర్ బతికుండాలి, ఆన్ చెయ్యగానే సిస్టంని లేపే బయోస్ చిప్పు బతికుండాలి, ఆ రెంటినీ కలిపే బోర్డూ బతికుండాలి. ఏ చప్పుడూ చెయ్యకుండా ఉంటేనే నేను భయపడేవాణ్ణి. ఆ చిన్న స్పీకర్ క్యాబినెట్‌తో ఇవ్వడం మానేశారు గానీ, ఉండి ఉంటే షాపువాడికీ ఆ కూత వినబడేది.

ర్యామ్ కాళ్లు చూశా. బంగారు రంగు పూత మసకబారి మచ్చలు పడింది. పెదవాల్తేరులో కిటికీ తెరిస్తే సముద్రపు గాలి, ఆ కిటికీ కిందే సీపీయూ. మీ గేటు ఏడాదికోసారి తుప్పు గీకి రంగు వెయ్యడంలేదూ, సీపీయూ లోపలికీ ఆ ఉప్పు గాలే పోతోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి ఆ కిటికీ అద్దాలు పోయి హాలంతా తడిసినప్పుడు కూడా ఇది అక్కడే ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, స్లాట్లు మెత్తటి బ్రష్షుతో దులిపి, ఒక్క ర్యామే పెట్టా. రెండు వైపులా టక్‌మని కొక్కేలు పడేదాకా నొక్కాలి, అది ముఖ్యం. ఆన్ చేస్తే బొమ్మ వచ్చేసింది! రెండోదీ విడిగా చూశా, అదీ మంచిదే.

తేదీ మాత్రం ఏళ్ల వెనక్కి పోయింది. బోర్డు మీద తేదీని గుర్తుపెట్టుకునే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ, 3 వోల్టులు ఉండాల్సింది బాగా పడిపోయింది. దానివల్ల సిస్టం లేవకపోవడం అరుదే గానీ, తేదీ తప్పయితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. కిందకొట్లో కొని వేసేశా.

ఇంకోటి. పని చేస్తుండగా చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిమ్మంది. అది ఎస్‌ఎంపీఎస్ తప్పు కాదు, ఆ ప్లగ్గుకి ఎర్తు లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని బాబాయికి గట్టిగా చెప్పాను. నువ్వూ చెప్పు. నా మాట కంటే నీ మాట వింటారు, ఆ మాటకొస్తే ఇద్దరి మాటా వినరనుకో.

కొత్త ఎస్‌ఎంపీఎస్ నువ్వే ఆర్డర్ పెట్టు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ ముద్ర ఉన్న కంపెనీది, 450 వాట్లు చాలు. ఆ ఐ3 ప్రాసెసర్ తినేది 55 వాట్లే, గ్రాఫిక్స్ కార్డు లేదు. 700, 800 వాట్లని స్టిక్కరేసి చవగ్గా అమ్మే తేలికపాటి డబ్బాలు వద్దు. చేత్తో పట్టుకుంటే బరువుండాలి. ఎలాగూ డబ్బు మిగిలింది కాబట్టి హార్డ్ డిస్కు కంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ కూడా ఒకటి పెట్టు. ఎంత తేడా వస్తుందో బాబాయే చెప్తారు. విండోస్ 10కి 2025 అక్టోబరుతో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. కాబట్టి నువ్వు పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్సు వేద్దాం. ఈలోగా బ్యాంకు పని ఫోన్లో చేసుకోమను.

సీపీయూని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడ వైపు జరిపించా. టీవీకి అడ్డమొస్తోందని పిన్ని గొణుగుతోంది, ఆ పంచాయితీ నువ్వు చూసుకో. ఆర్డర్ మాత్రం ఇవాళే పెట్టు. నా ఎస్‌ఎంపీఎస్ ఇంకా మీ ఇంట్లోనే ఉంది, మా పిల్లాడు గేమ్ ఆడుకోడానికి లేదని నన్ను తినేస్తున్నాడు.

ఉంటాను మరి.
నీ బావ